వైసూరిలో రెండో సభ

మకీరా దీవి దక్షిణపు ఒడ్డున వైసూరి వాగు మూడు రోజులుగా ఎర్రగా పారుతోంది. నెస్టా ఆ సంగతి సముద్రంలో ఉండగానే చూసింది. వాగు వచ్చి కలిసే చోట నీలం నీళ్ల మీద ఎర్రమట్టి పరుచుకుని ఉంది. బోటు నడుపుతున్న పాటెసన్ ఇంజను ఆపాడు. యాభై దాటిన మనిషి, నోట్లో వక్క లేకుండా ఎవరూ చూసెరగరు. ఆ వక్క నమలడం కూడా ఆపేశాడు.

"కొండని కోసేశారు చెల్లెమ్మా," అన్నాడు.

కలప కంపెనీ బుల్డోజరు వాగులోకి దిగి ఉంది. అవతలి గట్టు మీద బాదంలాంటి గింజలు కాసే ఙాలి చెట్లను ఒక్కొక్కటే తోస్తోంది. దాని ముందు మోకాటి లోతు నీళ్లలో ఒక ముసలమ్మ నిలబడింది. ఆమె పేరు రోడా. ఆ చెట్లు ఆమె తల్లివి, అంతకు ముందు ఆ తల్లి తల్లివి. ఆ దీవిలో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. ఆ గింజలే దంచి పెట్టి రోడా తన బిడ్డలను పెంచింది.

కంపెనీ మేస్త్రీ ఒకడు నీళ్లలోకి దిగి ఆమె రెక్క పట్టుకుని ఈడ్చాడు. పడిపోయింది. లేచి మళ్లీ అక్కడే నిలబడింది. మళ్లీ ఈడ్చాడు. గట్టు మీద ఇద్దరు పోలీసులు కంపెనీ ఇచ్చిన చేపల డబ్బా విప్పుకుని తింటున్నారు.

నెస్టా బోటులోంచి దూకింది.

"ఏయ్, వదలరా! ముసలామె మీద చెయ్యేస్తావా?"

"లైసెన్సుందమ్మా వాళ్లకి," అన్నాడు సార్జెంటు, కూర్చున్న చోటి నుంచి లేవకుండా. "సభ జరిగింది. చెట్లు కొట్టుకోమని ఊరి పెద్దల సంతకాలున్నాయి. ఊరూరా తిరిగి చట్టం చెప్పేదానివి, నేను నీకు చెప్పాలా?"

చివరి చెట్టు కూలింది. పచ్చికాయలు ఎర్రనీళ్ల మీద తేలుతూ సముద్రంలోకి పోయాయి.

సార్జెంటు అబద్ధం చెప్పలేదు. నెస్టా పని అదే. పట్నంలో రెండు గదుల ఆఫీసు, ఒక బోటు, ముగ్గురు మనుషులు. వాళ్లు కోర్టుల్లో వాదించరు. ఊళ్లకు వెళ్లి, చట్టంలో ఏముందో జనానికి తెలిసే మాటల్లో చెబుతారు. పన్నెండేళ్లుగా నెస్టా ఆ పని ప్రాణంలా చేసింది. పేదవాడికి చట్టం తెలియకపోవడమే పెద్దవాడి బలమని ఆమె నమ్మకం.

రోడాను ఇంటికి నడిపించుకొచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఆ నమ్మకంతోనే అడిగింది.

"అవ్వా, పోయినేడు నేనే వచ్చి చెప్పాను గదా. నోటీసు పడ్డాక నెల లోపల అభ్యంతరం చెప్పొచ్చని. మీరెందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పావు?"

"ఊరికి."

"ఊరంటే ఎవరే?" ముసలమ్మ తల తిప్పి సూటిగా చూసింది. "సావిట్లో మగాళ్లని కూచోబెట్టి చెప్పావు. మేమెక్కడున్నాం? వెనక వంటపాకలో నీకోసం చేమదుంపలు ఉడకేస్తున్నాం. నువ్వు చెప్పిందంతా మా ఆల్బన్ రాసుకున్నాడు. ఎన్ని సంతకాలు కావాలో, నోటీసు ఎక్కడ అంటిస్తే చెల్లుద్దో. మా చెల్లెలి కొడుకే. బాగా నేర్చుకున్నాడు. కంపెనీతో కలిసి నోటీసు తీసుకుపోయి పట్నంలో సర్కారు ఆఫీసు తలుపుకి అంటించారు. పగలంతా పడవేస్తే గాని పట్నం రాదు. ఏ ఆడది పోయి చూస్తుంది?"

నెస్టా పొయ్యిలోని కట్టెను లోపలికి తోసింది.

"తిన్నావు. బాగుందన్నావు. ఫొటో తీసుకుని పోయావు."

ఆ ఫొటో ఆఫీసు గోడ మీద ఉంది. దాని కింద నెస్టా చేతిరాతే: వైసూరి, హాజరు నలభై రెండు మంది, స్పందన బాగుంది. నలభై ఇద్దరూ మగవాళ్లేనని ఆ ఏడాదిలో ఆమె ఒక్కసారీ గమనించలేదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న జెరోలిన్ లోపలికి వచ్చింది. రోడా మనవరాలు, చంకలో చంటిపిల్ల.

"ఇంకో నోటీసు వచ్చిందక్కా. పైకొండకి. వాగు పుట్టే చోటుకి. ఈసారి మనూళ్లోనే అంటించారు. వీళ్లేం మాట్లాడతార్లే అని ధైర్యం. సభ పదకొండు రోజుల్లో."

నెస్టా పాటెసన్‌ను ఒంటరిగా వెనక్కి పంపేసింది.

ఆ పదకొండు రోజులూ పాఠం సావిట్లో జరగలేదు. వంటపాకల్లో జరిగింది. కొబ్బరి కోరుతూ, పెండలం చెక్కు తీస్తూ, పిల్లల తలలు చూస్తూ ఆడవాళ్లు విన్నారు. పుస్తకం చదివి వినిపిస్తే నిద్రపోయారు. దాన్ని మూసేసి, "మీ భూమి ఎవరిదో మీరే చెప్పండి" అంటే ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. చట్టంలోని ఒక్కొక్క మాటకూ తమ నోటికి తిరిగే మాట వెతుక్కున్నారు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పారు. నాలుగో రోజుకి నెస్టా చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కొట్లాటలూ జరిగాయి.

"మగాళ్లకెదురు లేచి మాట్లాడితే కాపురాలు నిలుస్తాయటే?" అంది ఒకామె.

"వాగెండిపోయాక సముద్రపు ఉప్పునీళ్లతో కాపురం చేస్తావా? మీ ఆయనకి ఉప్పెక్కువైతే పడదు కూడాను," అంది జెరోలిన్.

పాకంతా నవ్వింది. అడిగినామె నవ్వలేదు. రెండు రోజులు రాలేదు కూడా. మూడో రోజు వచ్చి, చివర్న కూర్చుని, "నేనేం చెప్పాలో ఇంకోసారి చెప్పండే," అంది.

ఎనిమిదో రోజున బాసిల్ వచ్చాడు. ఆఫీసుకు పెద్ద ఆయనే. లాయరు చదువు చదివి, పెద్ద ఉద్యోగాలు కాదనుకుని ఆ రెండు గదులు తెరిచినవాడు. ఒడ్డు మీదే నిలబడి మాట్లాడాడు.

"రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది నెస్టా. జనాన్ని రెచ్చగొడుతున్నామట. సంస్థ రిజిస్ట్రేషన్ తీసేస్తామంటున్నారు. మన పని చెప్పడం వరకే. నడిపించడం కాదు."

"పోయినేడు కూడా నడిపించాం బాసిలన్నా. ఆల్బన్ని నడిపించాం. మనకి తెలీలేదంతే."

"ఇదొక్క ఊరే కాదు గదమ్మా! పనిలోంచి గెంటేసినోడు వస్తాడు. మొగుడు చేతులు విరగ్గొట్టిన ఆడది వస్తుంది. రేపు మన తలుపు మూతపడితే వాళ్లు ఎక్కడికి పోతారు? చెప్పు."

ఆయన అన్నది నిజం. ఆ నిజం ఆమెను ఆ రోజంతా ముల్లులా పొడుస్తూనే ఉంది. అయినా ఆఫీసు పేరున్న చొక్కా విప్పి, మడత పెట్టి, లోపలి బనీనుతోనే నిలబడి ఆయన చేతికందించింది.

"మీ పేరు వాడను. సభ అయ్యాకే వస్తాను."

బాసిల్ చొక్కా తీసుకోలేదు. తిట్టనూ లేదు. బోటెక్కి, ఇంజను వెయ్యమనడం మరిచిపోయి, చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

సభ బడి ముందు ఖాళీ స్థలంలో పెట్టారు. బల్ల వెనక అధికారులు, పక్కన కుర్చీలేసుకుని కంపెనీ మనుషులు, వాళ్ల వెనక సార్జెంటు, పోలీసులు. ఆల్బన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని సంతకాల కాగితం పట్టుకుని వచ్చాడు. ఆడవాళ్లు వంటపాకల్లోంచి బయటికొచ్చి, మగవాళ్ల మధ్యలోంచి నడిచి, ముందు వరసలో నేల మీద కూర్చున్నారు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "సంతకాలు పెట్టిన పెద్దలు మాట్లాడతారు. తర్వాత సభ ముగుస్తుంది."

రోడా లేచింది.

"కూచో ముసలమ్మా. నీ పేరు ఇందులో లేదు."

"లేదని తెలుసు నాయనా. అందుకే లేచా. భూమి మీద హక్కున్న మనిషి ఎవరైనా సరే లేచి మాట్లాడొచ్చు. మా మాట వినకుండా నువ్వు తీర్పిస్తే ఆ తీర్పు మీద మేం పై కోర్టుకి పోవచ్చు. మేం కనిపెట్టింది కాదిది. మీ పుస్తకంలోదే. చూసుకో, నేను నిలబడే ఉంటా."

అధ్యక్షుడు పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు పుస్తకం తిప్పాడు. మొహం మాడ్చుకుని తలూపాడు.

"నేను రోడాని. మిరియమ్ కూతుర్ని, అసెనా మనవరాల్ని. పైకొండ మాది. నేనొప్పుకోను. రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు. జెరోలిన్ లేచింది. తల్లి పేరు, అమ్మమ్మ పేరు, కొండ మీద తమ తోట ఉన్న చోటు చెప్పింది. "నేనొప్పుకోను. రాసుకో." తర్వాత ఇంకొకామె లేచింది, ఆమె వెనక మరొకామె. ఎండ నెత్తికెక్కింది. గుమాస్తా కలం పక్కన పెట్టి వేళ్లు విరుచుకుంటే, "అలిసిపోయావా బాబూ? మేమింకా సగం మందిమి ఉన్నాం," అని ఎవరో అరిచారు. మగవాళ్లలోంచి కూడా నవ్వు లేచింది.

అప్పుడు ఆల్బన్ గట్టిగా అరిచాడు.

"నవ్వండి! బాగా నవ్వండి! నా కూతురికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతుంటే పడవలోనే చచ్చిపోయింది. నా ఒళ్లోనే. కంపెనీ ఇక్కడ ఆసుపత్రి కడతానంది. మీ చట్టం కడుతుందా పెద్దమ్మా? చెప్పు, కడుతుందా?"

ఆ పిల్లని అందరూ ఎత్తుకుని ఆడించినవాళ్లే. రోడా నడిచి వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"కట్టదు నాయనా. నేను అబద్ధం చెప్పను. కంపెనీ వచ్చి ఏడాదయింది. ఆసుపత్రి ఎక్కడుందో చూపించు. రాయి చూపించు, పునాది చూపించు. చూపిస్తే నేనే సంతకం పెడతా."

ఆల్బన్ కంపెనీ మనుషుల వైపు తిరిగాడు. వాళ్లు కాగితాలు సర్దుకుంటున్నారు. అతను చేతిలోని సంతకాల కాగితం వంక చూసుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టలేదు. చింపనూ లేదు. మడిచి జేబులో పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

సభ నెల రోజులు వాయిదా పడింది.

మర్నాడు తెల్లవారగానే బుల్డోజరు పైకొండకు బయల్దేరింది. రోడ్డు బాగుచేసుకుంటున్నాం అన్నారు. రోడ్డుకు సభ అక్కర్లేదన్నారు. ఆడవాళ్లు వెళ్లి దారికడ్డంగా కూర్చున్నారు. నెస్టా వాళ్లతో కూర్చుంది. ఇది పాఠంలో లేదు. ఇలా చేస్తే ఏ సెక్షను కింద పట్టుకుంటారో మాత్రం ముందే చెప్పింది. తెలిసే కూర్చున్నారు.

పోలీసులు జుట్టు పట్టి లేపారు, లాఠీలతో వీపుల మీద బాదారు. రోడా మణికట్టు విరిగింది. ఉన్న బేడీలు రెండు జతలే. మిగతావాళ్ల చేతులు నైలాన్ తాడుతో కట్టారు. రోడా, చంటిపిల్లతో జెరోలిన్ సహా ఏడుగురు ఆడవాళ్లను, ఎనిమిదో మనిషిగా నెస్టాను కంపెనీ పడవలోనే పట్నానికి తీసుకెళ్లారు.

మూడో రోజున కోర్టు. వరండా నిండా జనం. కూరగాయలమ్మే ఆడవాళ్లు గంపలు వదిలేసి వచ్చారు. మేజిస్ట్రేటు బెయిలు ఇచ్చాడు. ఒక షరతు పెట్టి, దాని కింద సంతకం చెయ్యమన్నాడు. కేసు తేలేదాకా ఎవరూ వైసూరి క్యాంపుకు రెండు కిలోమీటర్ల లోపలికి వెళ్లకూడదు.

కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి రోడా అడిగింది. "మా వంటపాకలోంచి తుమ్మితే క్యాంపులో వినపడుద్ది నాయనా. మరి నేనెక్కడ వండుకోవాలో అదీ రాయి."

జనం గొల్లున నవ్వారు. మేజిస్ట్రేటు బల్ల చరిచాడు.

"ఈ సంతకం నేను పెట్టను," అంది రోడా. "పెడితే నా భూమి నాది కాదని నేనే ఒప్పుకున్నట్టు."

మరో ఐదుగురూ ఆ మాటే అన్నారు. నెస్టా వంతు వచ్చింది. బాసిల్ కటకటాల దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"పొద్దున ఆఫీసుకి సీలేశారు," అన్నాడు మెల్లగా. "సంతకం పెట్టి వచ్చెయ్యమ్మా. లోపల కూచుంటే ఎవరికి చెప్తావు?"

రెండు గదులు, బెంచీ మీద వంతు కోసం కాచుకుని కూర్చునే మనుషులు ఆమె కళ్ల ముందు మెదిలారు. వాళ్లకి ఏం సమాధానం చెప్పాలి? ఆమెకు భయం వేసింది. అయినా రోడా పక్కకే వెళ్లి నిలబడింది.

రోడా మాత్రం జెరోలిన్ వైపు తిరిగింది. "నువ్వు పెట్టవే."

"నేనా? నేనెందుకు అమ్మమ్మా? నేనూ ఉంటా."

"చంటిపిల్ల పాలకేడుస్తోంది. నీకు అంతా నోటికొచ్చు. పెట్టి బయటికి పో."

జెరోలిన్ ఏడుస్తూ పెట్టింది. బయటికి రాగానే ఒకామె ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. పేరు మావిస్. లాకప్‌లో వాళ్లకు మూడు రోజులుగా తిండి తెచ్చిపెట్టింది ఆమే. సార్జెంటు భార్య.

"మా పుట్టినూరు వైసూరి పక్క రేవే," అంది మావిస్, అటూ ఇటూ చూస్తూ. "అక్కడా చెట్టుకి ఏదో కాగితం అంటించారట. మా అమ్మకి చదవడం రాదు. ఎవరన్నా వస్తే బాగుండు."

"మీ ఆయనకి తెలిస్తే?"

"తెలుస్తుంది. తెలియనీ. ఆ కొండ మా అమ్మది, ఆయనది కాదు."

జెరోలిన్ కళ్లు తుడుచుకుంది. పిల్లను ఎడమ చంకలోకి మార్చుకుంది. "వైసూరికి పోవద్దన్నారు గాని, పక్క రేవుకి పోవద్దని ఆ కాగితంలో లేదు గదా?" అంది.

బాసిల్ ఆ మాట విన్నాడు. ఆఫీసుకు సీలు వేసినవాళ్లు రేవులో కట్టేసిన బోటు సంగతి మరిచిపోయారు. పుస్తకాల పెట్టెలను ఆయన తెల్లవారుజామునే పాటెసన్ ఇంటికి చేర్చి ఉంచాడు. వాటిని తెప్పించి బోటులో పెట్టించాడు. జెరోలిన్ ఎక్కింది. మావిస్ ఎక్కింది. వాళ్ల వెనక కూరగాయలమ్మే ఆడవాళ్లు నలుగురు. చివర్న, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, బాసిల్ నీళ్లలోకి దిగాడు.

లాకప్ కిటికీలోంచి సముద్రం కనపడదు. ఇంజను చప్పుడు మాత్రం వినిపించింది. బోటెక్కే ముందు మావిస్ తిండి గిన్నెతో పాటు ఆ కబురూ నెస్టాకి అందించి పోయింది. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకున్న రోడా తలెత్తింది.

"ఎవరి బోటే అది?"

"మనదే అవ్వా," అంది నెస్టా. "పక్క రేవుకి పోతోంది."