అలోఫీలో మంగళవారం

దీవుల చట్టసభలన్నీ కలిసి వీడియో తెర మీద కూర్చునే రోజంటే నియూ దీవి సభ కార్యదర్శి హినేలగికి తల ప్రాణం తోకకొస్తుంది. నడుమ దినరేఖ ఉందాయె! ఇక్కడ అలోఫీలో మంగళవారమైతే, రేఖకు అవతలి దీవుల్లో అప్పటికే బుధవారం. పోయినేడు ఒక స్పీకరుగారు రోజు తప్పి, ఖాళీ తెర ముందు ప్రార్థన మొత్తం చదివేశారు. అప్పట్నుంచీ ప్రతి నోటీసులో రెండు రోజుల పేర్లూ ఎర్రసిరాతో రాసి పంపడం ఆమె పనైంది.

ఆ అవతల, ఫునాఫుటిలో ఉన్న తువాలు సభ కార్యదర్శి సమసోని. ఏడేళ్లుగా, ఏడాదికి నాలుగు రోజులు, ఏదో ఒక దీవిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేపలవేట తీర్మానాలు దిద్దుతారు. మిగతా రోజులన్నీ అతని కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది. పోయినవారం అతనే ఫోన్ చేశాడు.

"మంగళవారం సాయంత్రం మా పెద్దలతో ననుమెయా దీవికి ఓడెక్కాలి హినా. ఎక్కానంటే అక్కడి పిల్లతో పెళ్లికి మాటిచ్చినట్టే, ఇక వెనక్కి తీసుకోను. ఈలోపు నువ్వు 'రా' అను చాలు. అన్నీ వదిలేసి వచ్చేస్తా."

"ఆలోచించుకోనీ" అంది, పిచ్చిది! ఏడేళ్లూ ఆలోచించింది చాల్లేదూ?

సోమవారమంతా ఆ ఒక్క మాటే లోపల అనుకుంటూ కూర్చుంది. టీ తెచ్చిన లీతా పిన్ని ఊరుకుంటుందా?

"అట్లా గుడ్లప్పగించి చూస్తే ఫోను దానంతటదే మాట్లాడుద్దా? చెయ్యవే!"

"సిగ్గేస్తోంది పిన్నీ. రేపు సభ అవగానే చేస్తా. సాయంత్రం దాకా టైముందిగా."

మంగళవారం పొద్దున పదింటికి తెర వెలిగింది. తువాలు కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి.

"సమసోని గారేరమ్మా?"

"నిన్న సాయంత్రం ఓడెక్కేశారండీ. ఏదో ఫోన్ రావాలని చివరిదాకా రేవులోనే నిలబడ్డారు. ఓడవాళ్లు తిట్టిపోశారు."

"నిన్నా? ఆయన వెళ్లేది మంగళవారం కదా!"

"నిన్నే కదండీ మంగళవారం. ఇవాళ బుధవారమని మీ నోటీసులోనే ఉంది."

హినేలగి బల్ల మీది నోటీసు వంక చూసింది. ఎర్రసిరా, తన చేతిరాతే. ఇన్ని సభలకు రోజులు సరిచూసిన మనిషికి తన రోజు సరిచూసుకోవాలని తోచలేదు. నిన్న ఫోను ఎదురుగానే ఉంది. దేవుడా, నిన్నంతా ఎదురుగానే ఉంది!

"మొదలుపెడదామా, హినేలగి గారూ?" తెర మీంచి స్పీకరు అడిగారు.

రివాజు ప్రకారం ముందు తేదీ ఆమే చదవాలి. లేచి నిలబడింది.

"అలోఫీలో మంగళవారం..." అక్కడే ఆగి, ఎర్రసిరా అక్షరాల మీద వేలు పెట్టింది. అందరూ ఎదురుచూశారు. బల్ల అంచు పట్టుకుని మిగతాది చదివింది.

"ఫునాఫుటిలో బుధవారం."