పగలగొట్టిన పగడపు దిబ్బ

మధ్యాహ్న భోజనాల వేళ. వలలు బాగుచేసే ఇల్లాలు గుమ్మంలో కూర్చుని చిరుగులు ముడివేస్తోంది. ఉదయం నుంచి గాలి ఆగలేదు. లోపలి గది నుంచి, నడవలేని అత్తగారు ఉన్నట్టుండి పిలిచింది.

"అమ్మాయ్, అల చప్పుడు ఇంత దగ్గరగా వినిపిస్తోందేంటే?"

"చెవులు వినపడవన్నావుగా అత్తయ్యా!" అని నవ్వబోయింది కోడలు. ఇసుక దాటి గుమ్మం మెట్టు మీదికి నురగ పాకి వచ్చింది. వల పక్కన పడేసి లేచింది.

రెండో అల తలుపు తోసుకుని వచ్చింది. మోకాలి లోతు. గిన్నెలు తేలాయి. ముసలామె మంచం గోడకు గుద్దుకుంది.

"నన్నొదిలెయ్! నువ్వు పోవే తల్లీ!"

"నోర్మూసుకో అత్తయ్యా!" పెళ్లయ్యాక కోడలు అలా అనడం అదే మొదలు. ఆమెను వీపున ఎక్కించుకుని కిటికీ ఊచలు పట్టుకుంది. నీళ్లు ఛాతీకెక్కాయి. వెనక్కి లాగే ప్రతి అలకూ ఆమె పట్టు సడలుతోంది. ఇంకొక్కటి వస్తే ఇద్దరమూ పోతామనుకుంది. వచ్చింది. అంతలో భర్త ఈదుకుంటూ వచ్చి ఇద్దరినీ ఒడిసిపట్టుకున్నాడు.

అతణ్ణి ఊరంతా గునపం అని పిలుస్తారు. రెండేళ్లుగా తమ వీధికి ఎదురుగా సముద్రంలో ఉన్న పగడపు దిబ్బను గునపంతో పెళ్లగించి సున్నపు బట్టీకి అమ్ముతున్నాడు. "రాయే కదా!" అనేవాడు. పిల్ల చేపలు పెరిగేది ఆ దిబ్బ సందుల్లోనే. ఆ సందులు పోయాక తీరంలో చేప దొరక్క, పడవలు నడిసముద్రానికి పోతున్నా, ఎవరూ ఆ సంగతి ఆలోచించలేదు.

ముగ్గురూ మిట్ట మీది బడికి చేరి వెనక్కి చూశారు. వాళ్ల వీధి నీటిలో ఉంది. దిబ్బను ముట్టుకోని పక్క పేటలో మాత్రం అలలు దూరంగానే దిబ్బకు తగిలి విరిగిపోతున్నాయి. అక్కడి గుమ్మాలు పొడిగా ఉన్నాయి.

 గునపం పక్కనే ఉన్న ముసలి పడవవాణ్ణి అడిగాడు: "మామా, మన దిబ్బ మళ్లీ పెరుగుతుందా?"

"నువ్వివాళ ఆపితే, నీ మనవళ్ల కాలానికి."

"నేనే కొట్టాను మామా. మా అమ్మను నేనే ముంచబోయాను."

ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్కడివే కాదురా, చూస్తూ ఊరుకున్నాం మేమూ. ఆ దిబ్బ మన చేపల్ని పెంచింది, మన ఇళ్లను కాసింది. కొట్టిన రాయి ఒక్కసారి సున్నమవుతుంది. కొట్టకుండా ఉంచిన రాయి తరతరాలకూ కూడు పెడుతుంది."