బలవంతం లేదన్నారుగా

మార్కాపురం పలకలకు గిరాకీ తగ్గినా, అక్కడి పలుకులకు ఏనాడూ తగ్గలేదు. వీరాంజనేయులు పలకల ఫ్యాక్టరీలో ఆ సోమవారం పలుకులన్నీ బీమా మీదే నడిచాయి.

కార్మిక శాఖ నుంచి వచ్చిన ప్రియదర్శిని మేడం రాతి దుమ్ములోనే స్టూలు వేసుకుని కూర్చుని విడమరిచి చెప్పింది. పనివాళ్లు కొంత, యజమాని కొంత నెలనెలా కట్టాలి. రేపు ఎవరైనా మంచాన పడి తన పని తాను చేసుకోలేకపోతే, కడిగి, తుడిచి, తినిపించే మనిషిని ప్రభుత్వమే ఇంటికి పంపుతుంది. మంచం పట్టకముందే చేరాలి. యజమాని చేరితేనే పనివాళ్లకు చేరే వీలు. శుక్రవారం ఆఖరు.

"ఇందులో బలవంతమేమీ లేదు. స్వచ్ఛంద పథకం," అందామె చివర్లో.

చందా అన్నంతసేపూ ముడుచుకుపోయిన వీరాంజనేయులు మొహం స్వచ్ఛందం అనగానే విచ్చుకుంది. "బలవంతం లేదన్నారుగా!" అని లేచి, సంతకం అడిగేలోపే సంతకు పోయాడు.

ఎలీషబా మాత్రం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. పలకలకు చెక్క ఫ్రేములు కొట్టడం ఆమె పని. అక్కడే రాయి కోయడం ఆమె మొగుడు ఏసురత్నం పని. ఇప్పుడు ఆ రాయే అతన్ని లోపల్నుంచి కోస్తోంది. ఏడాదిగా దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అతను పడిపోయిన రోజు ఆమె సుత్తి పక్కన పెట్టి ఇంట్లో కూర్చోవాలి. ఒకరు మంచం పట్టి, ఇంకొకరు మంచంకోడు పట్టుకుంటే, ఇక పొయ్యి పట్టించుకునేదెవరు?

మర్నాడు పొద్దున్నే యజమానిని గేటు దగ్గర ఆపింది.

"అన్నా, ఆ బీమా సంగతేం చేసినావు?"

"బీమా మీద నాకు ధీమా లేదు ఎలీషమ్మా. ఇష్టముంటేనే అని మేడమే చెప్పింది గదా. నాకు ఇష్టం లేదు, అయిపాయె. పో, ఈ పొద్దు ఇంటికాడ నీ వంతు. అమ్మకు నీళ్లు పొయ్యాల."

అది ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ. యజమాని తల్లి అలివేలమ్మ పక్షవాతంతో పడిపోయినప్పటి నుంచి ఫ్యాక్టరీ ఆడవాళ్లే వంతులేసుకుని ఆమెకు స్నానం, గుడ్డలు, తిండి చూస్తున్నారు. హాజరు పలకల్లో, చాకిరీ పడకగదిలో. ఎవరు పెట్టారో, ఎవరు ఒప్పుకున్నారో ఎవరికీ గుర్తులేదు.

"ఇంటికాడికి పొయ్యేది బలవంతమా, ఇష్టమా అన్నా?"

"ఛ ఛ, బలవంతమేంది? మీరే అభిమానం కొద్దీ..."

"అట్లయితే నాకూ ఇష్టం లేదు. అయిపాయె."

లోపల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. వీరాంజనేయులు అటు తిరిగాడు. "ప్రేమకుమారీ, నువ్వు పోమ్మా."

"పేరులో ప్రేముంది గానీ అన్నా, ఒంట్లో ఓపిక లేదు."

"అందర్నీ పనిలోంచి తీసేస్తా!"

"తీసెయ్యి," అంది ఎలీషబా. "ఫ్రేములు కొట్టేదానికి మాకు ఇంకో ఫ్యాక్టరీ దొరుకుతాది. మీ అమ్మనెత్తే ఫ్యాక్టరీ యాడన్నా ఉంటే నువ్వు వెతుక్కో."

ఆ పూట నుంచి తల్లిని ఎత్తే పని కొడుకు మీదే పడింది. భార్య రంగమ్మ నడుముకు కట్టుకున్న డాక్టరు బెల్టు చూపించి తప్పుకుంది. వీరాంజనేయులు తల్లిని ఎడమకు తిప్పబోయి తాను కుడికి పడ్డాడు. గంజి తాగించబోతే చెంచా చెంపలు దాటి చెవి దాకా పోయింది.

"నోరు ఈడుందిరా నాయనా," అంది అలివేలమ్మ.

బుధవారానికి అతని నడుము పట్టేసింది. వాతం రాకుండానే ఒక పక్షానికి ఒరిగి నడవసాగాడు. గురువారం అలాగే ఒరుగుతూ ఫ్యాక్టరీకి వచ్చాడు.

"ఎలీషమ్మా, అమ్మ వీపంతా ఎర్రబడింది. ఒకసారి రా."

ఈ రోజు ఎరుపు రేపు పుండు అవుతుందని ఎలీషబాకు తెలుసు. సుత్తి దించి బయల్దేరింది. గుమ్మంలో కాలు పెట్టబోతుండగా మంచం మీంచి కేక వినబడింది.

"ఆగవే ఆడనే! లోపలికి రావద్దు."

కాళ్లు ఆడిన రోజుల్లో అలివేలమ్మ ఇదే మాటతో ఎలీషబా వాళ్లను గడప బయట నిలబెట్టేది. ఈసారి ఆమె చూపు కొడుకు మీద ఉంది. బీమా గొడవంతా కోడలి నోట వినే ఉంది.

"వీపు పుండు పడతాది పెద్దమ్మా."

"పడనీ. నా వీపు, నా పుండు. నువ్వొస్తే వీడు మళ్లా తప్పించుకుంటాడు. ఒరే, కొండనెత్తినోడి పేరు పెట్టుకోని, కన్నతల్లిని ఎత్తలేకపోతివి. రేపు దీని మొగుడు పడితే ఎవరెత్తాలరా? పోయి సంతకం పెట్టు. పెట్టేదాకా నన్ను ముట్టుకుంటే కరుస్తా!"

ఉన్నవి రెండే పళ్లు. అయినా వీరాంజనేయులు వెనక్కి తగ్గాడు. వంకర నడుముతో కార్మిక శాఖ ఆఫీసుకు పోయి తిన్నగా సంతకం పెట్టాడు. అతను తిరిగొచ్చేదాకా ఎలీషబా గడప బయటే కూర్చుంది. లోపల ముసలామె మూలుగు వినిపించినప్పుడల్లా లేవబోయి, పళ్లు బిగించి కూర్చుంది.

"పెట్టినా. ప్రియదర్శిని మేడం తీసుకున్నారు. ఇంక లోపలికి నడువు."

"నడుస్తా. నువ్వు పంపితే కాదు, పెద్దమ్మ కోసం. రేపటి నుంచి మా వంతులు లేవు. మనిషిని పెట్టుకుంటావో, నువ్వే నేర్చుకుంటావో చూసుకో."

"అదేంది! సంతకం పెట్టినా గదా?"

"అది మీ ఇంటి చాకిరీకి కాదన్నా. మా ఏసురత్నం కోసం."

అలివేలమ్మ పడిపోని సగం మూతితో నవ్వింది. ఎలీషబా కొంగు దోపుకుని మంచానికి అవతలి పక్క చూపించింది.

"ఆడ నిలబడు. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద. లాగొద్దు, దొర్లించు."

"నా నడుము..." అని మూలిగాడు వీరాంజనేయులు.

"ఎత్తరా," అంది తల్లి.