ఇన్నాసమ్మ పేరున్న పుట

నేను ఒక జ్ఞానస్నానాల రిజిస్టరును. చుట్టుపక్కల పల్లెలన్నీ చేరిన కొండ్రుపాడు విచారణ గుడిలో నలభై ఏళ్ళపాటు జ్ఞానస్నానం పొందిన ప్రతి బిడ్డ పేరూ నాలో ఉంది. గుంటూరులో ఒక బైండరు నా కాగితాలు కుట్టి, వీపుకు ఎర్ర గుడ్డ అతికించాడు. ఊళ్ళో జపాలు నేర్పే ఉపదేశి చిన్నప్ప గారు కలం సిరాలో ముంచి, ఒక్కొక్క పేరూ ఒద్దికగా రాసేవారు. ఆ గౌరవమంతా ఆయనతోనే పోయింది. తరవాతివాళ్ళు నన్ను మైకుసెట్టు కింద ఎత్తు కోసం పెట్టారు. సరే, అదీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది.

కిందటేడు సెలీన అనే నర్సు గుడి ఆఫీసుకు వచ్చింది. ఆమె తల్లి అగతమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పసికందుగా ఉన్నప్పుడే కన్నతల్లి గుడి మెట్ల మీద వదిలేసి పోయిందని, ఆమెను పెంచిన శరణాలయంలో చెప్పారట. ఊళ్ళో ఎవరితో మాట పట్టింపు వచ్చినా "మెట్ల మీద దొరికినదానివి" అనేవారు. పెళ్ళినాడు కూడా ఆ మాట తప్పలేదు.

"మా అమ్మమ్మ పేరన్నా దొరుకుద్దేమో చూడండి, బాలశౌరి గారూ," అంది సెలీన.

గుమస్తా బాలశౌరి కుర్చీలోంచి కదల్లేదు. "పాతయ్యన్నీ చెదలు తినేసినయ్యమ్మా."

చెదలా! నన్నా! అతని మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. నోరుంటే గుడి కప్పు అదిరేలా అరిచేదాన్ని.

రెండోసారి వచ్చినా అదే జవాబు. మూడోసారి సెలీన కూర్చోలేదు.

"ఆ మైకు కిందున్నదేంది?"

"అదేదో చిత్తుపుస్తకమమ్మా..."

"చిత్తో కాదో నేను చూస్తాలే," అని తానే లాగింది. నిలబడే పుటలు తిప్పింది. ఒకచోట ఆమె చెయ్యి ఆగింది.

"బిడ్డ అగత. తండ్రి రాయప్ప, గతించినాడు. తల్లి ఇన్నాసమ్మ జ్వరముతోనే బిడ్డను ఎత్తుకొని వచ్చినది. తొమ్మిదవ దినమున మరణించినది. బిడ్డను శరణాలయమునకు అప్పగించినాము."

అంతే, నాలుగు వరుసలు. గుడిలో పూజ చేసే గురువులు ఎందరు మారారు, ఎందరు గుమస్తాలు మారారు! చచ్చిపోయిన తల్లిని పారిపోయిందనడానికి అందరికీ నోరొచ్చింది. నన్ను తెరవడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు.

మర్నాడు సెలీన తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. అగతమ్మకు చదువు రాదు. కూతురు చదువుతుంటే కళ్ళార్పకుండా విన్నది.

"నన్ను వదిలెయ్యలా?"

"లేదమ్మా. ఎత్తుకొచ్చింది."

"జొరంతోనా?"

"జొరంతోనే."

అగతమ్మ ఏడవలేదు. బాలశౌరి వైపు తిరిగింది. "నువ్వు చదువు నాయనా. లేచి, గట్టిగా చదువు."

అతను లేచి చదివాడు. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

ఆ నవంబరులో చనిపోయినవాళ్ళ కోసం పెట్టిన పూజలో, గురువులు పేర్లు చదువుతూ "ఇన్నాసమ్మ" అన్నారు. ఆడవాళ్ళ వరుసలోంచి అగతమ్మ లేచి నిలబడింది.

"మా అమ్మండీ," అంది, గుడంతా వినపడేటట్టు.