మా రోహిణి గొంతు

మా ఆయనకి స్టీలు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు పడిన వారం మా ఇంట్లో పగలు చప్పుడు ఉండకూడదు. గోల్‌మురిలోని ఈ రెండు గదుల కంపెనీ క్వార్టర్లో ఇరవై రెండేళ్ళుగా ఆ నిశ్శబ్దాన్ని కాపాడటం నా పని. అన్నం కుక్కర్లో పెట్టను, గిన్నెలో వారుస్తాను. బట్టలు బండకేసి బాదకుండా చేత్తో నులుముతాను. స్తోత్రం కూడా పెదవులతోనే చదువుకుంటాను. "మగోడు కాసేపు పడుకోవద్దేటి?" అంటారాయన. పడుకోవాలి, కాదనను. నేనెప్పుడు పడుకుంటానో మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల మెటల్ బ్యాండ్‌లో పాడుతుంది. పాటంటే గర్జనే. బ్యాండ్ పేరు స్లాగ్. ఇనుము కరిగించాక మిగిలే మడ్డి అది. సాయంత్రాలు ఫ్యాక్టరీలో దాన్ని నిప్పులా పారబోస్తే మా ఆకాశం ఎర్రబడుతుంది. సింధు గిటారు, హరికిరణ్ డ్రమ్ములు, కాలేజీలో చదివే మా రోహిణి గొంతు. ఆరు పాటలతో మొదటి ఆల్బమ్ చేశారు. ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టినప్పుడు మొదట భయమేసింది. "ఏటే ఇది, గొంతు పోదా?" అన్నాను. "అరే మమ్మీ, పేట్ సే నికాల్తే హై, గలే సే నహీ," అని, అరుపు పుట్టే చోటు చూపిస్తూ తన పొట్ట మీద నా చెయ్యి పెట్టించుకుంది. రెండోసారి ఆ హోరు కింద ఒక దుఃఖం వినిపించింది. ఆ తర్వాత చపాతీలు వత్తేటప్పుడు అడిగి మరీ ఇయర్‌ఫోన్లు పెట్టించుకున్నాను. ఆ పాటల్లో కోపం ఉంది గాని ద్వేషం లేదు. ఇక్కడే సాక్చీలో వాళ్ళు పాడిన రోజు వీడియో చూపించింది. నల్ల టీషర్టుల పిల్లలు జుట్టు విరబోసుకుని ఊగుతుంటే ఒకమ్మాయి కింద పడింది. క్షణంలో పది చేతులు ఆమెని లేపి నిలబెట్టాయి. మా వాళ్ళ పెళ్ళిభోజనాల తోపులాటలో అంత మర్యాద నేను చూడలేదు.

ఆదివారం రాంచీలో ఆల్బమ్ విడుదల, స్టేజీ మీద పాడాలి. నాన్నకి నువ్వే చెప్పమని రోహిణి నా వెంటపడింది. నాలుగు రోజులు ఆయనకి అన్నం వడ్డిస్తూ నోరు తెరిచాను, మూశాను.

గురువారం మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా, వంటింటి తలుపు వేసుకుని రోహిణి సాధన మొదలుపెట్టింది. మెల్లగానే మొదలుపెట్టింది గాని, పాటలో పడి మరిచిపోయింది. ఆ గర్జనకి మా అత్త తవిటమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒకప్పుడు ఏటా అమ్మవారి పండక్కి ఆవిడకి పూనకం వచ్చేది. ఆ రోజు ఆవిడ అరిస్తే, మిగతా రోజుల్లో ఆవిడ మీద చెయ్యెత్తే మా మావగారు కూడా కాళ్ళ మీద పడేవారట. ఆవిడ పసుపునీళ్ళ చెంబుతో, వేపరెమ్మతో వచ్చి, తలుపు తోసి, మనవరాలి తల తడిపేసింది.

"వచ్చావా తల్లీ! ఎన్నాళ్ళకొచ్చావు! ఏటి కావాలో సెప్పు, ఇత్తాం!"

మండిపడుతూ లేచొచ్చిన మా ఆయన, వాళ్ళమ్మ మాట విని గుమ్మంలోనే చేతులు జోడించారు. ఈ ఇంట్లో ఒక ఆడదాన్ని ఏం కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి. "పిల్లని రాంచీ పంపండి" అని అమ్మవారిలా అంటే చాలు. చెప్పవే అని కళ్ళతో బతిమాలాను.

రోహిణి ముఖం మీది పసుపునీళ్ళు తుడుచుకుంది. "నానమ్మా, దేవీ కోయీ నహీ ఆయీ. అరిసింది నేనే. రాంచీలో పాడ్డానికి ప్రాక్టీస్ చేత్తన్నా."

జోడించిన చేతులు విడిపోయాయి. "రాంచీ లేదు, గీంచీ లేదు. పడుకున్నోణ్ణి లేపి ఏసాలా?" అని, నావైపు తిరిగి, "ఇదేనేటే నీ పెంపకం?" అన్నారు.

నేను వంగి, తడిసిన నేల తుడవడం మొదలుపెట్టాను.

ఆదివారం స్లాగ్ మా రోహిణి లేకుండానే పాడింది. రోహిణి పాడాల్సినచోట సింధు మైకుని జనం వైపు తిప్పిందట, వాళ్ళంతా ఒక్క గొంతై గర్జించారట. ఆ మాట నాకు చెప్పి, రోహిణి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు సాయంత్రం దీపం పెట్టాను. నా పిల్ల అమ్మవారి పేరుమీద అబద్ధం చెప్పలేదు. చెప్పాలని కోరుకున్నది, రోజూ దీపం పెట్టే నేను. క్షమించమని ఆ తల్లిని అడగాలో, నన్నెందుకిలా చేశావని అడగాలో తెలియలేదు. పక్కన వత్తులు చేస్తున్న మా అత్తనే అడిగాను.

"అత్తా, నీకు నిజంగా అమ్మవారు వచ్చేదా?"

ఆవిడ నలిపిన వత్తిని పళ్ళెంలో పెట్టి, ఇంకొంచెం పత్తి తుంచుకుంది.

"ఏటోనే అమ్మీ, నాకు తెల్దు. ఏడాదికి ఆ ఒక్క దినం అరవకపోతే సచ్చిపోదును."