ఊపిరి తీసేసిన గొంతు

“ఊరికే కూర్చున్నావుగా, ఆ పనేదో ఇవాళ తేల్చెయ్యి” అన్నారు మా ఆయన. అప్పుడు నా ఒళ్లో సగం మడతపెట్టిన దుప్పటి ఉంది, దాని కొస నా గడ్డం కింద ఉంది. “ఊఁ” అందామన్నా నోరు తెరిస్తే దుప్పటి జారిపోతుంది.

తేల్చాల్సిన పని ఇదీ. మామగారికి చూపు పోయాక పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. నేను వంటింట్లో ఉంటే ఆయన పేపరు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేవారు. అది చూడలేక, కంప్యూటర్ చదువు చదివిన మా చెల్లెలు అక్షరాల్ని పైకి చదివే ప్రోగ్రాం ఒకటి రాసింది. గొంతు నాది. వాక్యాలు చదివి రికార్డు చేయడం, ముక్కలు కోయడం, అతుకు ఎక్కడ వినిపిస్తోందో చూసి సరిచేయడం నేనే నేర్చుకున్నాను. పెద్ద చదువు లేకపోయినా ఇంటిపని నేర్పిన ఓపిక ఉంది కదా. మాటకు ముందు నేను తీసుకునే ఊపిరి వినపడకూడదని చెల్లెలు చెప్పింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీసినట్టు ఆ ఊపిరులన్నీ ఒక్కొక్కటే తీసి పారేశాను.

ఇప్పుడు దాన్ని ఎవరైనా వాడుకునేలా, కావాలంటే మార్చుకునేలా నెట్‌లో పెట్టాలి. మా ఆయన పనిచేసే కంపెనీకి అలాంటి ప్రోగ్రాములు పెట్టుకునే చోటు ఉంది. పెద్దది, జనమంతా అక్కడే ఉంటారు. చెల్లెలు చెప్పిన చోటు చిన్నది. వాడుకునేవాళ్లే చందాలు వేసుకుని నడుపుతారు, అప్పుడప్పుడు మొరాయిస్తుంది.

“మా కంపెనీ వాళ్లు ఊరికే ఇస్తున్నారే! నా ప్రాజెక్టని చెబితే మా మేనేజర్ ఎంత మురిసిపోయాడో.”

“మీ ప్రాజెక్టా?”

“అబ్బ, మనదేలే. అన్నిటికీ అడ్డుప్రశ్నలే!”

ఊరికే. పెళ్లయినప్పటి నుంచీ ఈ మాట నా వెంటే తిరుగుతోంది. డబ్బు రాని పని ఊరికే చేసినట్టు. ఆ పని చేసే మనిషి ఊరికే కూర్చున్నట్టు. ఇదేమిటని అడిగితే, ఊరుకో.

ఇంట్లో మందు సీసాల మీద చిన్న అక్షరాలు చదివేది నేనే కాబట్టి నిన్ననే కంపెనీ షరతులూ చదివాను. మధ్యలో ఎక్కడో ఉంది: ఇక్కడ ఉంచిన శబ్దాలతో మేము కొత్త శబ్దాలు తయారుచేసుకోవచ్చు. చెల్లెలికి ఫోన్ చేశాను.

“అంటే నేను అనని మాటలు నా గొంతుతో అనిపిస్తారా?”

“అనిపిస్తారక్కా. ఎవరికి ఫోన్ చేసైనా, ఏమైనా.”

“మరి నువ్వేమంటావే?”

“ప్రోగ్రాందేముంది, ఎక్కడైనా పెట్టేస్తా. గొంతు నీది. నువ్వే చెప్పాలి.”

ఆ మాటకు నాకు కళ్లెందుకు చెమర్చాయో తెలియదు. రోజూ ప్రార్థనకు కూర్చునే మూలకు వెళ్లి కూర్చున్నాను. తండ్రీ, నువ్విచ్చింది నలుగురికీ పంచమంటావు. పంచుతాను. ఎవరి చేతిలో పెట్టాలో చూసుకోవద్దని కూడా అన్నావా?

నిజానికి ఆ గొంతంటే నాకే భయం పట్టుకుంది. గిన్నెలు కడుగుతుంటే హాల్లోంచి నేను మాట్లాడుతూ వినిపించేదాన్ని. పెళ్లి వార్త అయినా, చావు వార్త అయినా ఒకటే మెత్తదనం, అలుపన్నది లేదు. నేనేమంటున్నానో విందామని ఒకసారి కొళాయి కట్టేసి నిలబడ్డాను కూడా.

“అమ్మాయ్, నువ్వు లోపలున్నావా, ఇక్కడున్నావా?” అనేవారు మామగారు.

“ఇక్కడున్నదే నయం నాన్నా. విసుక్కోదు, ఎదురుచెప్పదు” అని మా ఆయన నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తర్వాత గ్లాసులు తుడుస్తూ, ఎందుకు నవ్వానా అనుకునేదాన్ని.

ఇవాళ దుప్పట్లు సర్దడం అయ్యాక, “ఆ కంపెనీకి ఇవ్వడం నాకు మనసొప్పట్లేదండీ” అన్నాను. ఆయన కంప్యూటర్ ముందుకు జరిగారు. తడి బట్టల బకెట్టు తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను. తీగ మీద చొక్కా దులుపుతుండగా వెనక హాల్లోంచి వినిపించింది.

“సరేనండీ. మీ కంపెనీలోనే పెట్టండి. నాకేం అభ్యంతరం లేదు.”

నా గొంతు. నేను చెయ్యెత్తి నోరు తడిమి చూసుకున్నాను. పెదాలు మూసే ఉన్నాయి.

లోపలికి వెళ్లేసరికి ఆయన కంప్యూటర్ ముందు ఉన్నారు, తెరమీద ప్రోగ్రాంలో ఆయన కొట్టిన ఆ మాటలే ఉన్నాయి. పక్కన ఫోన్ స్పీకర్లో మేనేజర్ అంటున్నాడు: “చాలా సంతోషం మేడమ్!” నాకే చెబుతున్నాడు. మా ఆయన నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టారు. ఊరుకో అని.

కుర్చీలోంచి మామగారు గట్టిగా అన్నారు: “అది అమ్మాయి కాదు.”

మా ఆయన గబుక్కున ఫోన్ కట్టేశారు. “ఏంటి నాన్నా, సరదాకి! ఎలాగూ సాయంత్రానికి తను సరేననేదేగా. కాస్త ముందు అనిపించాను, అంతే.”

“అమ్మాయి సరే అనే ముందు ఊపిరి పీలుస్తుందిరా, ఏదో మింగుతున్నట్టు. కాపురానికి వచ్చిన రోజు నుంచీ వింటున్నాను. నీకు వినపడలేదూ?”

నేను మామగారి వైపు చూశాను. ఇన్నేళ్లూ విన్నారు. విని, ఏమి మింగుతున్నావమ్మా అని ఆయనా అడగలేదు.

“లేవండి” అన్నాను మా ఆయనతో. ఎందుకో లేచారు. చెల్లెలు చెప్పిన చిన్న చోటు తెరిచాను. అది తీరిగ్గా తిరిగి తిరిగి తెరుచుకుంది. పేరు అడిగితే నా పేరు కొట్టాను. ప్రోగ్రాం మొత్తం ఎక్కించాను, ఎవరి గొంతు వాళ్లు పెట్టుకునే పద్ధతితో సహా. నా రికార్డులు మాత్రం ఎక్కించలేదు. ఈ కంప్యూటర్లోంచీ తీసేశాను.

“మరి నాన్నకి?”

“నేను చదువుతాను. మీరూ చదవండి. మీకూ గొంతుందిగా.”

“మేనేజర్‌కి ఏం చెప్పను? నువ్వు సరేనన్నావని విన్నాడు!”

“కలపండి. నేనే చెబుతాను.”

ఫోన్ మోగుతున్నంతసేపూ నా చేతుల తడి చీర కొంగుకు తుడుచుకున్నాను. అవతల మేనేజర్ “చెప్పండి” అన్నాడు.

“వద్దండీ” అన్నాను, ఏదీ మింగకుండా. “ఇందాక సరేనన్నది నేను కాదు.”

మామగారు తల పక్కకు వంచి చెవి ఒగ్గారు. ఆయన ముఖంలో అనుమానం కనిపించింది.

“ఎవరది?” అన్నారు. “ఊపిరి వినపడలేదే!”

“నేనే మామయ్యా.”