పాట పోయిన రేవు

వరదలు తీసి యెఱ్ఱనీరు తేరి రెల్లుపూలు తీరమెల్ల తెల్లబఱచు శరత్కాలప్రభాతమున గోదావరీనది తన పాతత్రోవను విడిచి క్రొత్తయిసుకమేటల నడుమ సన్నని పాయయై వంకరలు పోవుచుండెను. ఆ వంకరలన్నియు నెఱిగినవాడు మెరకలంక రేవున నొక్కడే కలడు. వాడు సంగాని పోలయ్య.

ఇరువదిరెండేండ్లు సర్కారువారి వేలముపాటలో నా రేవును దక్కించుకొని పడవ నడపిన యా పోలయ్యను ఈయేడు మల్లాడి గవరయ్య యను నిన్నమొన్నటి సరంగు హెచ్చుపాట పాడి త్రోసివేసెను. పాట పోయినందుకన్న జనులు క్రొత్తపాటదారుని క్రొత్తపడవను జూచి మురియుటయే వానికి కన్నులలో కారము చల్లినట్లుండెను. ఆ పడవకు పసుపు పూసిరని విన్ననాడు వానికి అన్నము సహింపదయ్యెను. ఒరుల కలిమికోర్వలేనివానికి పరమాన్నమును వేపాకే కదా.

పాట పోయినవాడు పాయవెంట వెదురుగడలు పాతి క్రొత్తవానికి త్రోవ చూపి రేవప్పగించుట యచ్చటి యాచారము. పోలయ్య గడలు పాతెను. కాని నడిమేటకడ మూడింటిని మోకాలిబంటి నీట నాటి, పడవ మెరకపట్టినంతనే సర్కారువారు గవరయ్య పాటను రద్దుచేసి తన్ను బిలిపింతురని లోలోన నుఱ్ఱూతలూగెను.

తొలిదాటునాడు నలుబదిమంది పడవ యెక్కిరి. నవ్వాపుకొని గట్టున నిలిచియున్న పోలయ్యకు గవరయ్య చేతులు జోడించి యిట్లనియెను.

"పాట నాదైనను రేవు నీది మామా. తొలిదాటున నీవు చుక్కాని పట్టక నేను పడవ విప్పను."

జనులెల్లరు ఔనౌననిరి. పోలయ్య పడవ యెక్కి చుక్కాని పట్టెను.

నడిమేట సమీపించెను. గడలవెంట బోయినచో తన చేతనే పడవ మెరకపట్టును. పాయవెంట బోయినచో తాను పాతినవి బొంకుగడలని యెల్లరకు దెలియును. ఇరువదిరెండేండ్లలో నొక్కసారియు పడవను మేటకెక్కింపని యా చేయి వాని యసూయ చెప్పినమాట వినదయ్యెను. చుక్కాని పాయవైపునకు దిరిగెను. జనులందఱు దూరముగా మిగిలిపోవుచున్న మూడుగడలను జూచి పిదప పోలయ్యను జూచిరి.

తిరుగుదాటున గవరయ్య తానే నీట దిగి యా గడలను బెఱికి తెచ్చి పోలయ్య ముందుంచెను.

"ఏటిపోటుకు జరిగినవి కాబోలు మామా. మరల నీవే నాటుము."

గవరయ్య తిట్టియుండినచో పోలయ్య యోర్చుకొనియుండును. పాటను జూచి పడవను జూచి కుళ్లుకొనినవాడు ఇప్పుడు గవరయ్య మనసును జూచి కుళ్లుకొనెను. అట్టి మనసు సర్కారువారు పాట పెట్టునది కాదు. వాడు తలయెత్తక గడలను చంక నిడుకొని మొలలోతు నీట దిగి, ఈసారి లోతు చూచి చూచి నాటుచుండెను.